సెషన్ ఉంది, డిస్క్ లేదు: స్టోరేజ్ డ్రైవర్లలో సెషన్ లోపాలను పట్టుకుని సరిచేయడం ఎలా

విశాఖలో గాలివాన మొదలైతే ముందు కరెంటు ఒకసారి రెప్ప వాలుస్తుంది. మూడు నాలుగు సెకన్లు పోయి మళ్లీ వస్తుంది. తిరుగుతున్న ఫ్యాను పూర్తిగా ఆగదు కూడా. డాబాగార్డెన్స్ వైపు ఒక చిన్న కార్యాలయంలో సర్వర్లకు యూపీఎస్ ఉంది, స్టోరేజ్ పెట్టెకూ ఉంది, ఆ రెండింటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్‌కు మాత్రం లేదు. కరెంటు రెప్ప వాల్చినప్పుడల్లా ఆ స్విచ్ పడిపోయి మళ్లీ లేచేది. లేవడానికి రెండు నిమిషాలకు అటూ ఇటూగా పట్టేది. అది లేచాక ఒక్కోసారి అంతా మామూలుగా నడిచేది, ఒక్కోసారి సర్వర్‌లో డిస్కులు మాయమయ్యేవి. స్టోరేజ్ పెట్టెను అడిగితే సెషన్, అంటే సర్వర్ లాగిన్‌తో మొదలైన బంధం, ఉందనేది. సర్వర్‌ను అడిగితే సెషన్ ఉంది, డిస్క్ లేదనేది. రీబూట్ చేస్తే సర్దుకునేది కాబట్టి చాలాకాలం మా దాకా ఆ మాటే రాలేదు.

లోపం సర్వర్‌లో నడిచే మా స్టోరేజ్ డ్రైవర్‌దే. ఋషికొండ కొండ మీద మా ల్యాబ్‌లో కేబుల్ పీకి పెట్టే పరీక్ష రోజూ నడిచేది, రోజూ నెగ్గేది. మేం పది సెకన్లకు కేబుల్ మళ్లీ పెట్టేవాళ్లం. ఆ స్విచ్ మాత్రం 120 సెకన్ల గీత మీదనే తచ్చాడేది. ఆ గీతకు ఎందుకంత ప్రత్యేకత ఉందో కింద వస్తుంది.

ఈ వ్యాసం సీ భాష చదవగలిగి, లినక్స్ కెర్నల్‌ను ఒకటి రెండు సార్లయినా సొంతంగా కంపైల్ చేసుకున్నవారి కోసం. ఉదాహరణలు ఎక్కువగా ఐస్కజీవి (మామూలు నెట్‌వర్క్ మీదుగా డిస్కులను అందించే పద్ధతి), ఎందుకంటే దానికి ఖరీదైన కార్డులేవీ అక్కర్లేదు, ఒక మామూలు ల్యాప్‌టాప్ చాలు. అదే పనికి ప్రత్యేక కార్డులు, స్విచ్‌లు వాడే ఫైబర్ ఛానల్ సంగతి వేరుగా ఉండే చోట చెబుతాను.

ముందుగా ఓడ, నంబరు, రాక

బీచ్ రోడ్డులో నిలబడితే బెర్త్ కోసం లంగరు వేసుకుని ఎదురుచూసే ఓడలు కనిపిస్తాయి. ప్రతి పెద్ద ఓడకూ ఏడంకెల ఐఎంఓ నంబరు ఉంటుంది. యజమాని మారినా, పేరు మారినా, జెండా మారినా ఆ నంబరు మారదు. బెర్త్ నంబరు అలా కాదు. ఇవాళ ఆ బెర్త్‌లో బొగ్గు ఓడ ఉంటే ఎల్లుండి అక్కడే ఎరువుల ఓడ ఉంటుంది. ఈ రెండూ కాక మూడోది ఒకటుంది, అది ఈ రాక. అదే ఓడ వచ్చే నెల అదే బెర్త్‌కు వచ్చినా అది వేరే రాక, దాని సరుకు లెక్క వేరు, కాగితాలు వేరు.

ఫైబర్ ఛానల్‌లో 64 బిట్ల పోర్ట్ పేరు ఐఎంఓ నంబరు లాంటిది. 24 బిట్ల పోర్ట్ చిరునామా బెర్త్ నంబరు. లాగిన్‌తో మొదలై లాగౌట్‌తో ముగిసే సెషన్ ఈ రాక. ఐస్కజీలో డిస్క్ అడిగే సర్వర్‌ను ఇనిషియేటర్ అని, డిస్క్ ఇచ్చే స్టోరేజ్ పెట్టెను టార్గెట్ అని అంటారు. ఇనిషియేటర్ పేరు, దానితోపాటు అది ఇచ్చుకునే 48 బిట్ల ఐఎస్‌ఐడీ కలిసి గుర్తింపు అవుతాయి. లాగిన్ ముగిశాక టార్గెట్ ఇచ్చే 16 బిట్ల టీఎస్‌ఐహెచ్ ఈ రాకకు గుర్తు. సెషన్ లోపాల్లో సగం ఈ మూడింటినీ కలిపేసుకోవడం వల్ల వచ్చేవే. పోయినసారి వచ్చిన ఓడ కాగితం పట్టుకుని ఈసారి ఓడలో సరుకు దింపేసినట్టు ఉంటుంది ఆ తప్పు. మిగతా సగం పోయిన సెషన్ పేరు ఎక్కడో ఒకచోట మిగిలిపోవడం వల్ల వస్తాయి. మనిషి పోయి రెండేళ్లయినా రేషన్ కార్డులో పేరు ఉన్నట్టే.

అందుకే డ్రైవర్‌ను చేతికి తీసుకున్నప్పుడు లాగిన్ కోడ్‌తో మొదలుపెట్టకండి. లాగిన్ కోడ్‌ను అందరూ జాగ్రత్తగా రాస్తారు, రోజూ నడుస్తుంది, తప్పుంటే మొదటి రోజే బయటపడుతుంది. సెషన్ ఎలా పోతుందో చెప్పే కోడ్ చదవండి.

మొదటి అడుగు: తప్పు డ్రైవర్‌దేనా?

ఇందులో గంటకు మించి గడపకండి, కానీ ఆ గంటా గడపండి. నా అనుభవంలో ఎక్కువసార్లు తగిలినవి మూడు.

ఒకటి, నకలు తీసిన యంత్రాలు. ఒక వర్చువల్ యంత్రం తయారుచేసి దాన్నే పదిచోట్ల నకలు తీస్తారు. ఇనిషియేటర్ పేరు ఉన్న ఫైలు కూడా నకలు అవుతుంది. లినక్స్‌లోని సాఫ్ట్‌వేర్ ఐస్కజీ తన ఐఎస్‌ఐడీని సెషన్ వరుస సంఖ్యను బట్టి ఇస్తుంది, అంటే రెండు యంత్రాల్లో మొదటి సెషన్‌కు అదే ఐఎస్‌ఐడీ వస్తుంది. పేరు ఒకటే, ఐఎస్‌ఐడీ ఒకటే. రెండో యంత్రం లాగిన్ అవగానే పాతదే మళ్లీ వచ్చిందనుకుని టార్గెట్ మొదటిదాని సెషన్ తీసేస్తుంది. మొదటిది వెంటనే మళ్లీ లాగిన్ అయి రెండోదాన్ని తోసేస్తుంది. ఒకే కుర్చీ కోసం ఇద్దరు లేచి కూర్చున్నట్టు కొన్ని సెకన్లకోసారి సెషన్లు పడుతూ లేస్తూ ఉంటాయి. నియమం ప్రకారం టార్గెట్ చేసింది సరైనదే. 2004 నాటి ఐస్కజీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3720లోనూ, దాన్ని సవరించి 2014లో తెచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7143లోనూ అలాగే ఉంది. పేరు మార్చండి, డ్రైవర్ జోలికి వెళ్లకండి.

రెండు, పెద్ద ఫ్రేములు. సర్వర్‌లో ఎంటీయూ (ఒక ఫ్రేములో పట్టే గరిష్ఠ బైట్లు) 9000 పెట్టి, మధ్యలో ఏదో ఒక స్విచ్ పోర్ట్‌లో 1500 వదిలేస్తారు. లాగిన్ ప్యాకెట్లు చిన్నవి కాబట్టి వెళ్లిపోతాయి. మొదటి పెద్ద రాత దగ్గర అంతా ఆగిపోతుంది, కాసేపటికి సెషన్ తెగుతుంది, మళ్లీ లాగిన్ నెగ్గుతుంది, మళ్లీ ఆగుతుంది. ముక్కలు చేయవద్దనే షరతుతో 8972 బైట్ల పింగ్ పంపి చూడండి. వెళ్లకపోతే మీ పని స్విచ్ దగ్గర ఉంది.

మూడు, రెండు 120లు. లినక్స్‌లోని ఐస్కజీ ఇనిషియేటర్ అయిన ఓపెన్ ఐస్కజీలో తెగిన సెషన్ కోసం ఎదురుచూసే గడువు మామూలుగా 120 సెకన్లు. ఏదైనా ప్రాసెస్ కదలకుండా ఇరుక్కుపోతే కెర్నల్ హెచ్చరించే గడువు కూడా మామూలుగా 120 సెకన్లే. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ నెట్‌వర్క్ పోయినప్పుడు లాగ్‌లో ప్రాసెస్ 120 సెకన్లుగా ఇరుక్కుందన్న హెచ్చరిక చూసి డ్రైవర్ బిగుసుకుపోయిందని లోపం రాసేవారు ఎక్కువ. డ్రైవర్ తనకు చెప్పినట్టు ఎదురుచూస్తోంది, అంతే. సెషన్ గడువును 15 సెకన్లకు తగ్గించి మళ్లీ చూడండి. కనెక్షన్ తెగిందని గ్రహించిన 15 సెకన్లకు ఇన్‌పుట్ అవుట్‌పుట్ లోపం ప్రోగ్రామ్‌కు తిరిగి వస్తే డ్రైవర్ బాగానే ఉంది. గడువు దాటినా ఏదీ తిరిగి రాకపోతే అప్పుడు నిజంగానే ఏదో ఇరుక్కుంది.

రెండో అడుగు: బల్ల సిద్ధం చేసుకోండి

రెండు వర్చువల్ యంత్రాలు చాలు. ఒకదానిలో కెర్నల్‌లోనే ఉన్న ఎల్‌ఐఓ టార్గెట్ పెట్టి, ఒక గిగాబైట్ ఫైలును డిస్క్‌గా చూపండి. రెండోదానిలో ఇనిషియేటర్. ఐస్కజీ పోర్ట్ 3260.

ఇనిషియేటర్ కెర్నల్‌ను మాత్రం మీరే కంపైల్ చేయండి. నాలుగు తప్పక ఆన్ చేయాలి. విడిచేసిన మెమరీని ముట్టుకుంటే పట్టిచ్చే కేఅసాన్ మొదటిది. లాకుల వరుస తప్పితే అరిచే లాక్‌డెప్ రెండోది. ఇంకా నడుస్తున్న టైమర్‌ను లేదా వర్క్‌ను (తరువాత చేయమని క్యూలో పెట్టిన పనిని) మెమరీతో సహా విడిచేస్తే చెప్పే డీబగ్ ఆబ్జెక్ట్స్ మూడోది. మిగిలిపోయిన మెమరీని లెక్కకట్టే కేమెమ్‌లీక్ నాలుగోది. కేఅసాన్ ఒక్కటే మెమరీలో ఎనిమిదో వంతు తన లెక్కలకు వాడుకుంటుంది, యంత్రం నత్తలా నడుస్తుంది. మంచిదే. నెమ్మదైన యంత్రంలో సందులు వెడల్పవుతాయి, దొంగలు కనబడతారు. ఒక్కోసారి దీనికి విరుద్ధంగా, నెమ్మదవడం వల్లే లోపం దాక్కుంటుంది. అందుకని ఇవేవీ లేని మామూలు కెర్నల్ కూడా పక్కన ఉంచుకోండి.

మూడో అడుగు: కాగితం మీద గళ్లు

ఈ అడుగును దాటవేసే వారినే ఎక్కువగా చూశాను. నేనూ చాలాకాలం దాటవేశాను. ఎడమ పక్క మీ డ్రైవర్‌లో సెషన్‌కు ఉండే స్థితులు రాయండి. ఒక మామూలు డ్రైవర్‌లో ఇవి ఉంటాయి: లేదు, లాగిన్ అవుతోంది, నడుస్తోంది, కోలుకుంటోంది, చేజారింది, పోతోంది. పైన అడ్డంగా సంఘటనలు రాయండి: లాగిన్ జవాబు రావడం, కనెక్షన్ తెగడం, గడువు ముగియడం, వాడేవారు లాగౌట్ చెప్పడం, టార్గెట్ తనంతట తానే లాగౌట్ కోరడం, పై పొర (డిస్క్ కమాండ్లు పంపేది) రీసెట్ అడగడం, డ్రైవర్ మాడ్యూల్ తీసేయడం. ఆరు ఏళ్లు 42 గళ్లు. ప్రతి గడిలోనూ మూడు ముక్కలు రాయాలి: ఏ స్థితికి మారాలి, ఏ లాక్ కింద మారాలి, ఎవరు మారుస్తారు.

మొదటి పది గళ్లు చకచకా నిండుతాయి. తరువాత చేయి ఆగుతుంది. కోలుకుంటోంది స్థితిలో ఉన్నప్పుడు మాడ్యూల్ తీసేస్తే? పోతోంది స్థితిలో ఉన్నప్పుడు ఆలస్యంగా లాగిన్ జవాబు వస్తే? లాగిన్ అవుతోంది స్థితిలో ఉండగా టార్గెట్ లాగౌట్ కోరితే? కోడ్‌లో వెతికితే ఆ గడికి జవాబు లేదని తెలుస్తుంది. లేదా రెండు చోట్ల రెండు జవాబులు ఉంటాయి. అది జరగదు కదా అనుకుని గడిలో గీత గీయకండి. ఎందుకు జరగదో, దాన్ని ఏ లాక్ ఆపుతోందో రాయగలిగితేనే గీత గీయండి.

మా డ్రైవర్ కాగితం మీద పదికి పైగా గళ్లు ఖాళీగా ఉండిపోయాయి. మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఆ కాగితం చూసి, "సార్, కోలుకుంటోంది వరసలో గడువు ముగియడం, లాగిన్ జవాబు అని రెండు గళ్లు ఉన్నాయి. రెండూ ఒకేసారి వస్తే ఏ గడి?" అని అడిగింది. గది నిశ్శబ్దమైంది. మేం గళ్లను ఒక్కొక్కటిగా చూశాం గాని జంటగా చూడలేదు. డాబాగార్డెన్స్ స్విచ్ కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఫైబర్ ఛానల్ వారికి ఈ కాగితంలో ఇంకో రెండు నిలువు వరసలు తప్పవు. నెట్‌వర్క్‌లో ఏదో మారిందని స్విచ్ పంపే ఆర్‌ఎస్‌సీఎన్ ఒకటి. ఎదుటి పోర్ట్ మళ్లీ కొత్తగా లాగిన్ పంపడం రెండోది. అందులోనూ రెండు రకాలు విడిగా రాయాలి: అదే పోర్ట్ పేరు కొత్త చిరునామాతో రావడం, పాత చిరునామా మీద కొత్త పోర్ట్ పేరు రావడం. మొదటిదాన్ని చాలామంది పట్టించుకుంటారు. రెండోదాన్ని పట్టించుకోకపోతే ఒకరికి వెళ్లాల్సిన రాత ఇంకొకరికి వెళుతుంది. ఓడ మారినా బెర్త్ నంబరు చూసి సరుకు ఎక్కించినట్టే.

నాలుగో అడుగు: లోపాన్ని పిలవండి

ఎప్పుడో ఒకసారి కనిపించే లోపాన్ని సరిచేయలేరు. సరిచేశామని అనుకోగలరు. ముందు దాన్ని అడిగినప్పుడల్లా వచ్చేలా చేసుకోవాలి.

తెగడంలో మూడు రకాలున్నాయి, మూడూ డ్రైవర్‌లో వేర్వేరు దారులు పట్టిస్తాయి. ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేస్తే కనెక్షన్ బతికే ఉందనిపిస్తుంది. ఓపెన్ ఐస్కజీ మామూలు అమరికలో 5 సెకన్లకోసారి ఖాళీ పలకరింపు పంపుతుంది, మరో 5 సెకన్లలో జవాబు రాకపోతే అప్పుడు తెగిందని గ్రహిస్తుంది. కనెక్షన్‌ను రీసెట్‌తో తుంచితే వెంటనే తెలుస్తుంది. నెట్‌వర్క్ కార్డునే ఆపేస్తే ఇంకో దారి. మా ల్యాబ్‌లో కేబుల్ పీకడం మూడో రకం. యూపీఎస్ లేని స్విచ్ కొన్ని సర్వర్ల విషయంలో మూడో రకం, ఇంకో స్విచ్ అవతల ఉన్నవాటికి మొదటి రకం. ఒకే ప్రమాదం, రెండు దారులు.

ఇప్పుడు ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ రాయండి. ఇనిషియేటర్ డిస్క్ మీద సరిచూసుకునే పద్ధతితో రాతలు నడుస్తూ ఉండాలి, అంటే రాసినదానికి చెక్‌సమ్ కట్టి తిరిగి చదివి పోల్చాలి. ఎఫ్‌ఐఓ అనే ఉపకరణం ఈ పని చేస్తుంది. స్క్రిప్ట్ 3260 పోర్ట్‌కు పోయే ప్యాకెట్లను ఆపాలి, కొంతసేపటికి వదలాలి, సెషన్ తిరిగి వచ్చిందో లేదో, డిస్క్ పని చేస్తోందో లేదో రాసుకోవాలి. ఆ కొంతసేపు ప్రతిసారీ మారాలి. గడువు 120 సెకన్లయితే 115 నుంచి 135 దాకా పావు సెకను చొప్పున జరపండి. పలకరింపుకు పట్టే పది సెకన్లు కూడా కలుస్తాయి కాబట్టి 120 దగ్గర ఆపితే అసలు చోటు దాటిపోతుంది. రోజుకు ఎన్ని సార్లు తిరుగుతుందో లెక్క వేసి నీరసపడకండి, సెషన్ గడువును 5 సెకన్లకు తగ్గిస్తే అదే సందు పది పదిహేను సెకన్ల మధ్య వస్తుంది. ఒక రాత్రిలో వెయ్యి సార్లకు పైగా తిరుగుతుంది.

అయినా దొరకకపోతే సందును మీరే వెడల్పు చేయండి. కాగితం మీద అనుమానం వచ్చిన గడి దగ్గర, స్థితిని చదివే వరసకూ రాసే వరసకూ మధ్య కావాలనే రెండు వందల మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టండి. ఇది మోసం కాదు. ఆలస్యం పెడితే విరిగే కోడ్ ఆలస్యం లేకపోయినా ఏదో ఒకరోజు విరుగుతుంది. లాక్ పట్టుకుని ఉన్నచోట మాత్రం నిద్రపోయే రకం ఆలస్యం పెట్టకండి, కొత్త లోపాన్ని మీరే కొని తెచ్చుకుంటారు.

ఐదో అడుగు: దొరికినదాన్ని చదవండి

మాకు దొరికింది ఇది. ట్రేస్‌లో ఉన్నది ఉన్నట్టుగా, తెలుగు చేసి రాస్తున్నాను.

సీపీయూ 2: గడువు పని మొదలైంది. స్థితి చదివింది, కోలుకుంటోంది అని ఉంది.
సీపీయూ 5: లాగిన్ జవాబు వచ్చింది. గడువు పనిని రద్దు చేయమంది. రద్దయిందో లేదో చూడకుండా ముందుకు వెళ్లింది.
సీపీయూ 5: స్థితి రాసింది, నడుస్తోంది. డిస్క్ క్యూలు తెరిచింది.
సీపీయూ 2: తాను ముందు చదివిన దాన్నే నమ్మి స్థితి రాసింది, చేజారింది. ఆగి ఉన్న కమాండ్లన్నిటినీ విఫలం చేసింది. డిస్కులను ఆఫ్‌లైన్ చేసింది.

నాలుగు వరసలు. టార్గెట్ దృష్టిలో లాగిన్ అయింది కాబట్టి సెషన్ ఉంది. సర్వర్‌లో కనెక్షన్ బతికే ఉంది కాబట్టి జాబితాలో సెషన్ ఉంది. డిస్కులు మాత్రం లేవు. మళ్లీ లాగిన్ చేయడానికి ఎవరూ ప్రయత్నించరు, ఎందుకంటే తెగినదేదీ లేదు. రీబూట్ ఒక్కటే దారి.

మీకు దొరికేది కేఅసాన్ నివేదిక అయితే అందులో మూడు జాడలు ఉంటాయి: ముట్టుకున్నది ఎవరు, ఆ మెమరీని తీసుకున్నది ఎవరు, విడిచేసింది ఎవరు. అందరి కళ్లూ మొదటి జాడ మీదకు పోతాయి. మీరు మూడోదాన్ని ముందు చదవండి. ముట్టుకున్నవాడు తరచుగా అమాయకుడే, తన దగ్గరున్న చిరునామా నమ్మి వచ్చాడు. విడిచేసినవాడు అతనికి చెప్పకుండా ఇల్లు కూల్చాడు. ఆ ఇద్దరూ ఏ లాక్ దగ్గర, లేదా ఏ రిఫరెన్స్ లెక్క (దాన్ని ఇంకా ఎందరు వాడుతున్నారో చెప్పేది) దగ్గర కలుసుకోవాలో అదే మీరు వెతికేది. కొన్ని నివేదికల్లో కింద వర్క్ ఎక్కడ క్యూలో చేరిందో చెప్పే నాలుగో జాడ కూడా వస్తుంది. సెషన్ లోపాల్లో దానికి బంగారమంత విలువ, ఎందుకంటే తీసేసే పనిని రెండుసార్లు క్యూలో పెట్టినవారు అక్కడే దొరుకుతారు.

ఆరో అడుగు: సరిచేయడం

ముందు చేయకూడనిది. విడిచేశాక పాయింటర్‌ను సున్నా చేసి, వాడే ప్రతిచోటా సున్నానా కాదా అని చూసే ఒక వరస చేర్చడం. ఇది నేను సరిదిద్దిన ప్యాచ్‌లలో అన్నిటికంటే ఎక్కువగా చూసిన మందు. నొప్పి తగ్గుతుంది, రోగం అలాగే ఉంటుంది. చూసిన క్షణానికీ వాడిన క్షణానికీ మధ్య మెమరీ పోవచ్చు. క్రాష్ వేయి సార్లకు ఒకటి నుంచి లక్ష సార్లకు ఒకటి అవుతుంది, పట్టుకోవడం ఇంకా కష్టమవుతుంది.

చేయాల్సిన వాటిలో మొదటిది, చూడటం, మార్చడం ఒకే లాక్ కింద జరగాలి. స్థితిని మార్చే వరసలు డ్రైవర్ అంతటా చల్లి ఉంటే వాటిని ఒక ఫంక్షన్‌లోకి తెండి. ఆ ఫంక్షన్ ఏ స్థితి నుంచి ఏ స్థితికి అని రెండూ అడగాలి. ఉన్న స్థితి చెప్పినదానితో సరిపోతేనే మార్చి అవునని చెప్పాలి, లేకపోతే కాదని చెప్పాలి. పైన చెప్పిన నాలుగు వరసల్లో సీపీయూ 2 ఆ ఫంక్షన్‌ను పిలిచి ఉంటే, కోలుకుంటోంది అనుకున్న చోట నడుస్తోంది కనిపించి వెనక్కి తగ్గేది. తీసేసే పనికి కూడా ఇదే సూత్రం: పోతోంది అని మార్చడంలో నెగ్గిన ఒక్కరే తీసేసే పనిని క్యూలో పెడతారు. ఓడినవారు మారు మాట్లాడకుండా వెళ్లిపోతారు. ఒక శవానికి ఇద్దరు తలకొరివి పెట్టే సమస్య దీనితో తీరుతుంది.

లినక్స్ ఐస్కజీ రవాణా పొర ఈ చిక్కును వేరేలా విప్పింది. సెషన్ గడువు ముగిసినప్పుడు చేసే పని, సెషన్ తిరిగి వచ్చినప్పుడు క్యూలు తెరిచే పని రెండింటినీ ఒకసారికి ఒక్క పనే నడిపే ఒకే వర్క్ క్యూలో పెట్టారు. ఒకటి నడుస్తుండగా రెండోది నడవదు, కాబట్టి కలబడే అవకాశమే లేదు. మీ డ్రైవర్‌లో ఇది వీలైతే లాకులతో కుస్తీ కన్నా ఇదే మేలు. మేం కూడా చివరికి ఈ దారే పట్టాం. మొదటి ప్యాచ్‌లో లాక్ చేర్చాం, లాక్‌డెప్ వెంటనే ఎర్రజెండా ఊపింది. గడువు పని పూర్తయ్యేదాకా ఆగాలనుకునే ఫంక్షన్, ఆ పనికి కావాల్సిన లాక్‌ను తానే పట్టుకుని ఆగింది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు కూర్చుంటారు. ఏదైనా టైమర్‌ను గాని వర్క్‌ను గాని పూర్తయ్యేదాకా ఆగి రద్దు చేసేటప్పుడు చేతిలో దానికి కావాల్సిన లాక్ ఉండకూడదు. ఆ రద్దు ఆ వర్క్ లోపలి నుంచే పిలవకూడదు.

రెండోది, వెతికి పట్టుకునే చోటు. జాబితాలో సెషన్ దొరికింది, లాక్ వదిలారు, ఆ తరువాత రిఫరెన్స్ తీసుకున్నారు. ఆ మధ్యలో అది పోవచ్చు. లాక్ కింద ఉండగానే రిఫరెన్స్ తీసుకోండి, అదీ లెక్క సున్నా కానప్పుడు మాత్రమే తీసుకునే రకంతో. సున్నా అయితే ఆ సెషన్ చివరి శ్వాసలో ఉంది, లేదనే అనుకోండి.

మూడోది, తీసేసే వరస. కొత్తవారు రాకుండా తలుపు మూయండి. జాబితా నుంచి పేరు తీయండి. టైమర్లు, వర్క్‌లు ఆపండి, నిజంగా ఆగేదాకా ఆగండి. టార్గెట్ దగ్గర పెండింగ్‌లో ఉన్న కమాండ్లను పై పొరకు తిరిగి ఇవ్వండి, ఒక్కటి కూడా వదలకుండా. అప్పుడే చివరి రిఫరెన్స్ వదలండి. ఈ వరసలో రెండింటిని తారుమారు చేసిన కోడ్ చూస్తే అక్కడ ఆగి రెండోసారి చదవండి. టైమర్ ఆపి ఆ తరువాత తలుపు మూస్తే, ఆ సందులో వచ్చినవారు టైమర్‌ను మళ్లీ నడిపిస్తారు.

నాలుగోది ఈ రాక సంగతి. పాత సెషన్‌లో పంపిన కమాండ్‌కు జవాబు ఆలస్యంగా వచ్చి, కొత్త సెషన్‌లో అదే సంఖ్య ఉన్న కమాండ్‌కు తగిలిందనుకోండి. క్రాష్ ఉండదు, లాగ్‌లో ఏమీ ఉండదు, డిస్క్‌లో తప్పు డేటా ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం ఇదే. దీనికి మందు తరం సంఖ్య. లినక్స్ ఐస్కజీలో ప్రతి కమాండ్‌కు ఇచ్చే 32 బిట్ల గుర్తులో పై నాలుగు బిట్లు సెషన్ వయసుకు కేటాయించారు. తెగి మళ్లీ కలిసిన ప్రతిసారీ ఆ వయసు ఒకటి పెరుగుతుంది, 16 దగ్గర మళ్లీ సున్నాకు వస్తుంది. వయసు కలవని జవాబును తీసుకోరు. క్యూలాజిక్ ఫైబర్ ఛానల్ డ్రైవర్ కూడా ఇలాగే లాగిన్‌కు ఒకటి, ఆర్‌ఎస్‌సీఎన్‌కు ఒకటి సంఖ్యలు ఉంచుకుంటుంది. ఒక ప్రశ్న పంపేటప్పుడు వాటిని రాసుకుంటుంది, జవాబు వచ్చినప్పుడు పోల్చుకుంటుంది, మారితే ఆ జవాబును పాతదిగా చూస్తుంది. మీ డ్రైవర్‌లో ఆలస్యంగా జవాబు వచ్చే ప్రతి ప్రశ్నకూ ఇలాంటి గుర్తు ఉందో లేదో చూడండి.

ఐదోదాన్ని చాలామంది మరచిపోతారు. సెషన్‌ను కోలుకోనిచ్చే కోడ్ మెమరీ అడుగుతుంది. కెర్నల్ దగ్గర మెమరీ లేకపోతే డిస్క్‌కు రాయాల్సిన పేజీలను రాసి ఖాళీ చేద్దామనుకుంటుంది. ఆ డిస్క్ మీ సెషన్ అవతలే ఉంది. సెషన్ మెమరీ కోసం, మెమరీ సెషన్ కోసం. అందుకే కోలుకునే దారిలో మెమరీ అడిగేటప్పుడు డిస్క్ పని మొదలుపెట్టవద్దనే జెండాతో అడగాలి. వర్క్ క్యూను కూడా మెమరీ కరువులో సైతం నడిచే రకంగా సృష్టించాలి. దీన్ని పరీక్షించాలంటే యంత్రానికి మెమరీ తగ్గించి, ఆ డిస్క్ మీదే స్వాప్ పెట్టి, నాలుగో అడుగు స్క్రిప్ట్ మళ్లీ నడపండి.

ఏడో అడుగు: నిజంగా పోయిందా

మీరు కావాలని పెట్టిన ఆలస్యాన్ని అలాగే ఉంచి, సరిచేసిన కోడ్‌తో స్క్రిప్ట్ నడపండి. తరువాత ఆలస్యం తీసి నడపండి. తరువాత ప్యాచ్‌ను వెనక్కి తీసి, లోపం మళ్లీ వస్తుందో లేదో చూడండి. ఈ మూడోది విసుగే, కానీ లోపం మళ్లీ రాకపోతే మీ ప్యాచ్ కాదు, ఇంకేదో మారింది.

ఉదయం వచ్చాక టార్గెట్ వైపు సెషన్లు లెక్కపెట్టండి. ఇనిషియేటర్ వైపు ఒకటుంటే అక్కడా ఒకటే ఉండాలి. కేమెమ్‌లీక్ ఏం చెప్పిందో చూడండి. చివరగా అందరినీ లాగౌట్ చేసి మాడ్యూల్‌ను తీయండి. తీయడానికి నిరాకరిస్తే ఎవరో ఒకరు ఇంకా రిఫరెన్స్ పట్టుకుని ఉన్నారు, పని అయిపోలేదు.

ప్యాచ్ వివరణలో ఆ నాలుగు వరసల లాంటి కాలక్రమాన్ని తప్పక రాయండి, సీపీయూకు ఒక నిలువు వరస చొప్పున. చదివేవారికి వందల వరసల లాగ్ కన్నా అదే పనికొస్తుంది. ఏ పాత మార్పుతో లోపం వచ్చిందో దాని గుర్తులో మొదటి 12 అక్షరాలతో చెబితే పాత కెర్నళ్లు నడిపేవారికీ ఆ మందు చేరుతుంది.

డాబాగార్డెన్స్ వారు మేం ఇదంతా చేస్తుండగానే ఫోను చేసి, స్విచ్‌కు కూడా యూపీఎస్ కొనేస్తాం, ఇక మీరు శ్రమపడొద్దు అన్నారు. ఒక్క వారం ఆగండి, ఇంకో రెండు సార్లు కరెంటు పోనివ్వండి అని బతిమాలాను. ఆ వారంలో ఒకసారే పోయింది, సరిచేసిన డ్రైవర్‌తో స్విచ్ 131 సెకన్లకు లేచింది, డిస్కులు అలాగే ఉన్నాయి. ఆ మర్నాడు వాళ్లు యూపీఎస్ కొన్నారు.